కాలవ గట్టున కారు ఫొటో

అల్లవరం దారిలో కాలవ గట్టున నిలబడి, పరుగెత్తే కారును ఫొటో తీయాలని తంటాలు పడుతున్నాను. కారుతో పాటే కెమెరా తిప్పితే కారు స్పష్టంగా, కొబ్బరిచెట్లు గీతల్లా వస్తాయి. కానీ నన్ను చూడగానే ప్రతి కారూ ఆగిపోతోంది. "ఎవరింటికండీ? ఎక్కండి, దింపేస్తాను" అంటున్నారు. ఆగిన ప్రతిసారీ విసుగ్గా ఇంకో అడుగు వెనక్కి జరుగుతున్నాను.

నాలుగో కారూ ఆగేసరికి ఒళ్ళు మండింది. "ఆగకండి, వేగంగా వెళ్ళండి!" అని అరిచాను.

కారు నడుపుతున్న పెద్దాయన గొంతు తగ్గించి, "ఆయ్, అలాగేనండి. ముందు మీరు రెండడుగులు ఇటు రండి. ఎనక్కి మాత్రం చూడకండి" అన్నారు.

వచ్చాక చూశాను. నేను నిలబడిన చోట మట్టి కాలవలోకి జారుతోంది.

ఆయన కారు వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ వేగంగా వచ్చారు. ఫొటో కుదిరింది. అందులో ఆయన రోడ్డు చూడటం లేదు, నా కాళ్ళకేసే చూస్తున్నారు.