సున్నా మీద గీత

ఇరవై రెండేళ్లుగా ఒక చిన్న పెన్ను గీతను మోస్తున్నాను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. నేను పనిచేసే పత్రికలో ఎందరి తప్పులో దిద్దాను, సవరణలు వేశాను. దీనికి మాత్రం వేయలేదు.

విజయవాడలో ఇంటర్ చదువుతున్నాం. మాది కంకిపాడు. నా పక్కన కూర్చునే పద్మజది మంగళగిరి, నేత పని చేసే ఇల్లు. కూడికలన్నీ మనసులోనే చేసేది. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టేలోపు జవాబు రాసేసి, తీరిగ్గా ఫ్యాను వైపు చూస్తూ కూర్చునేది. ఆ తీరిక చూస్తే నాకు ఒళ్లు మండేది. ఏనాడూ గొప్పలు పోలేదు. పోయి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్. పేపర్లు మార్చుకుని మేమే దిద్దేవాళ్లం. ఆ వారం గ్లూకోజ్ మోలార్ ద్రవ్యరాశి కట్టమన్నారు. కార్బన్ డెబ్బై రెండు, హైడ్రోజన్ పన్నెండు, ఆక్సిజన్ తొంభై ఆరు. నేను హైడ్రోజన్లు ఆరే అనుకుని 174 వేశాను. పద్మజ పేపరు నా చేతిలో ఉంది. 180. ఆ ఒక్క మార్కుతో ఆమె పై సెక్షన్‌కి వెళ్లిపోతుంది. నాకు ఎలాగూ అన్ని మార్కులు లేవు. మరి నాకేం ఒరిగింది? ఏమీ లేదు. ఆమె వెళ్లకూడదు, అంతే. నీలం పెన్నుతో సున్నా నెత్తిన చిన్న గీత పెట్టాను. సున్నా ఆరయింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

పేపరు చూసుకుని నా వైపు తిరిగింది.

“నేను సున్నాయే పెట్టానే. నువ్వు సరిగ్గా చూశావా?”

“ఆరులాగే ఉంది మరి. నీవన్నీ కోడి గీతలేగా.”

ఆ అంకెను మళ్లీ దగ్గరగా పెట్టుకుని చూసింది. “అయ్యుంటుందిలే,” అని నవ్వింది. “కూడిక కూడా రాదంటే మా నాన్న నన్ను మగ్గం మీద కూర్చోబెడతాడే.”

ఆమె నన్ను నమ్మింది. తన చేతిని నమ్మడం మానేసింది. ఆ తర్వాత ప్రతి జవాబూ అంకెల్లో రాసి, కింద అక్షరాల్లో కూడా రాసేది. ఆపైన నాలాగే వేళ్లు మడిచి సరిచూసుకునేది. ఫ్యాను వైపు చూడడం పోయింది. అప్పుడు నాకు బాధేసిందా? లేదు. సంతోషించాను. ఇన్నేళ్లూ దాచింది గీతను కాదు, ఆ సంతోషాన్ని.

ఆమె రాసింది నూట ఎనభై. అక్షరాల్లో నూట ఎనభై. ఆ గీత నాది.