విచారణ గదిలో ఆరు కాజాలు

ఎన్ని రాజ్యాలు పుట్టి గిట్టినా, ఎందరు చక్రవర్తుల కిరీటాలు మట్టిలో కలిసినా, పగలనే తెల్లనూలును రాత్రి అనే నల్లనూలును కలిపి ఒక్క పోగైనా తప్పనీయక నేసే కాలపురుషుని మగ్గం ముందు మానవుని ఆయువు జానెడు గుడ్డముక్కే అయినప్పటికీ, ఆ జానెడు ముక్కలోనే నలభై రెండేళ్లపాటు చొక్కాలకు చేతితో కాజాలు కుట్టి, నిమిషానికి పది కాజాలు కుట్టిపడేసే యంత్రాలు వచ్చిన తరువాత కూడా సూది దించని దర్జీ ఒకామె మన కాలంలోనే ఉన్నది.

వీధివారందరికీ ఆమె కాజాలమ్మ. బొత్తం దూరే ఆ చిన్న చీలిక చుట్టూ ఆమె దారం చుట్టిందంటే, చొక్కా చిరగాలే గాని కాజా చెదరదు. బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఆమె కొట్టు. రెండు కుట్టుమిషన్లు, ఒక పొడవాటి బల్ల, కిటికీ వెలుతురు పడేచోట ఆమె పీట. రెండో మిషను కోడలిది. పదకొండేళ్లుగా కోడలు దానిమీద చొక్కాలు కుడుతున్నది. పదకొండేళ్లుగా అత్తగారు ఆ కుట్టును చూసి, కోడి నడిచిన దారిలా ఉందని వచ్చినవారికీ పోయినవారికీ చెబుతూనే ఉన్నది. కాజాలను మాత్రం ముట్టుకోనివ్వలేదు. కోడలు నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుకే అత్తగారికి ఇంకాస్త ఒళ్లు మండేది.

ఇట్లుండగా ఒకనాటి ఉదయం ఆమె బొత్తాలు కొనుక్కుని బస్సు దిగుతూ ఉండగా, డ్రైవరు తొందరపడి మీట నొక్కాడు. మడత తలుపు ఆమె కుడి బొటనవేలిని కరిచి పట్టుకున్నది. ఎముక అతుక్కున్నది గాని వేలు వంగలేదు. లోపలి నరాన్ని సరిచేస్తే వంగుతుందని వైద్యుడు చెప్పి, ఆ శస్త్రచికిత్సకు అయ్యే ఖర్చు కూడా చెప్పాడు. కొట్టు అమ్మితే తప్ప అంత సొమ్ము ఆ ఇంట లేదు. అందువల్ల బస్సు సంస్థపై పరిహారానికి దావా వేశారు. దావా గెలిస్తే వేలు వంగుతుంది. లేకుంటే సూదితో ఆమెకు ఋణం తీరినట్లే.

ఆమె తరఫు లాయరు కుర్రవాడైనా తెలివైనవాడు. ప్రమాదానికి ముందు కుట్టిన చొక్కా ఒకటి, తరువాత కుట్టిన చొక్కా ఒకటి తెమ్మన్నాడు. రెండింటినీ పక్కపక్కన పెడితే తాను నోరు విప్పనక్కరలేదన్నాడు. ఆమె సరేనన్నది. బిగుసుకున్న వేలితో నాలుగు రోజులు అవస్థపడి ఆరు కాజాలు కుట్టింది. కుట్టి, వెలుతురులో పెట్టి చూసుకున్నది. ఒకటి మూతి ముడుచుకున్నది, ఒకటి ఆవలించింది, మిగిలినవి దేని దారి దానిదే.

ఇక్కడే ఆమె బుద్ధికి గ్రహణం పట్టింది. వేలు విరిగిందని లోకమంతా అనుకోవచ్చు గాని, ఇటువంటి కాజా తన పేరుమీద నలుగురి కంటా పడటమా? మధ్యాహ్నం కోడలిని పిలిచి, ఆ ఆరింటినీ విప్పి మళ్లీ కుట్టమన్నది. లాయరుగారు చెప్పింది అది కాదేమోనని కోడలు నసిగింది. లాయరుకు చట్టం తెలుసు గాని కుట్టేం తెలుసునని అత్తగారు గదమాయించింది. పక్కనే నిలబడి, పదకొండేళ్ల పాఠాన్ని ఒక్క పూటలో నూరిపోసింది. లాయరుకు ఈ సంగతి చెప్పవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

విచారణ నాడు బస్సు సంస్థ లాయరు రెండు చొక్కాలనూ కిటికీ దగ్గరకు తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పి, చిరునవ్వుతో వెనక్కి వచ్చాడు.

"అయ్యా, తరువాత కుట్టిన కాజాలే ఇంకొంచెం బిగువుగా ఉన్నాయి. మా తలుపు ఈమె చేతికి వైద్యం చేసినట్టుంది."

గదిలో నవ్వులు లేచాయి. కుర్ర లాయరు ముఖాన నెత్తురు చుక్క లేదు. విచారణాధికారి కళ్లజోడు సవరించుకుని, ఇవి మీరు కుట్టినవేనా అని ఆమెను అడిగాడు.

అవునంటే వేలు పోతుంది. కాదంటే పదకొండేళ్ల మాట పోతుంది. ఆమె వెనుక బెంచీమీది కోడలివైపు చూడలేదు. 

"నేను కాదండి. మా కోడలు."

"మరి మీవని ఎందుకు పెట్టారు?"

"నావి బాగా రాలేదండి. బాగా రానివి నలుగురిలో ఎట్లా పెట్టమంటారు?"

అధికారి నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. "అయితే మీ కోడలు బాగా కుడుతుందన్నమాట."

"ఏదోలెండి."

"ఏదో అని రాసుకోవడం కుదరదమ్మా. బాగా కుడుతుందా, కుట్టదా?"

గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"కుడుతుంది," అన్నదామె. కలం ఇంకా కదలకపోవడం చూసి, "బాగానే కుడుతుంది, రాసుకోండి," అని ముఖం పక్కకు తిప్పుకున్నది.

ఇదంతా ముందే అల్లుకున్న కథ అని అవతలి లాయరు వాదించాడు. అధికారి ఒక గుడ్డముక్క, సూది, దారం తెప్పించి, ఇక్కడే ఒక కాజా కుట్టమన్నాడు. దావా సంగతి తెలిసిన వారెవరైనా అప్పుడు చేతిని వణికిస్తారు, మూలుగుతారు. కాజాలమ్మ మాత్రం సూది చేతికి రాగానే దావాను మరచిపోయింది. నాలుక కొరుక్కుని, నుదుట చెమటలు పోస్తుండగా, జీవితంలో అంత శ్రద్ధగా ఏ కాజానూ కుట్టనట్లు కుట్టింది. సూది మూడుసార్లు జారిపడింది. పావుగంటకు సగం కాజా తేలింది, అదీ వంకర. దాన్ని చూసుకుని ఆమె పళ్లు కొరికి, సూదిమొనతో పరపరా విప్పడం మొదలుపెట్టింది. అది సాక్ష్యమని, విప్పకూడదని గుమాస్తా వచ్చి గుడ్డను లాక్కోవలసి వచ్చింది. "ఇంకొక్కసారి కుడతానయ్యా," అని ఆమె బతిమాలుతూనే ఉన్నది.

అవతలి లాయరు తన కాగితాలు సర్దుకుని, ఇక అడిగేదేమీ లేదన్నాడు.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. శస్త్రచికిత్సకూ, పని పోయిన నెలలకూ సరిపడా ఇవ్వాలన్నారు. పనికిరాని తెలివితేటలతో విచారణ సమయాన్ని వృథా చేసినందుకు ఆమెను ఒక వాక్యంలో మందలించారు కూడా. కోడలు మాత్రం తీర్పుకన్నా వాంగ్మూలం మీద మనసు పడి, ముద్ర వేసిన నకలు తెచ్చుకుని తన మిషను పైన గోడకు తగిలించింది.

"ఏమిటమ్మా అది?" అన్నది అత్తగారు, ఏమిటో తెలిసి కూడా.

"మీ మాటే అత్తయ్యా. సంతకం కూడా ఉంది."

కాజాలమ్మ శస్త్రచికిత్స అయి కట్టుకట్టిన చేతితో ఆ కాగితాన్ని కాస్త సవరించి, తగిలించడం కూడా వంకరగానే ఉందన్నది. ఆపైన పెళ్లికొడుకు చొక్కా ఒకటి కోడలి ముందు పడేసి, కాజాలు కూడా నువ్వే కుట్టు, నాకింకా చేయి రాలేదని గొణిగింది.

ఆ వేలు లేతకొమ్మలా వంగుగాక. ఆ అత్తాకోడళ్ల వాదులాట ఎన్నటికీ తెగకుండుగాక, అందులో చేదు మాత్రం చేరకుండుగాక. ఆ ఇంటివారు ఎక్కిన ప్రతి బస్సూ వారిని క్షేమంగా దించి, వారు నేలమీద రెండు కాళ్లూ మోపినదాకా ఓపికగా ఆగుగాక.