కాలరమ్మ పాలివ్వడం నేర్చుకున్న వైనం

చొక్కాలు కుట్టే షెడ్డులో ఆమెను అందరూ కాలరమ్మ అనే పిలిచేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, అదెవరికి కావాలి? చేతులు కుట్టేవాళ్ళు, జేబులు కుట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, కాలరు దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ ఆమె వైపే. కాలరు మొన చక్కగా తిరగాలంటే కళ్ళు సూదిని వదలకూడదు. అందుకని మిషను మీదకు ఒరిగిపోయి, ముక్కు గుడ్డకు తగులుతుందా అన్నంతగా వంగి కుట్టేది. ఏ పని పట్టుకున్నా అంతు చూడకుండా వదిలే రకం కాదు. అంతటి మనిషిని పిడికెడంత ఆడపిల్ల మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

పుట్టిన దగ్గర్నుంచీ పిల్లకు రొమ్ము సరిగ్గా అందడం లేదు. అందినట్టే అంది జారిపోయేది. మళ్ళీ దొరికితే చిగుళ్ళతో కొసను నొక్కిపట్టేది. అప్పుడు చూడాలి, కాలరమ్మ ప్రాణం గిలగిల్లాడిపోయేది. చనుమొనలు పగిలి రవిక తగిలినా ఓర్చుకోలేకపోయేది. పిల్ల ఏడుపు వినబడగానే దాని ఆకలి కంటే ముందు తన నొప్పే గుర్తొచ్చేది. అలా గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒకరోజు ఆసుపత్రిలో తూకం వేసిన నర్సమ్మ, "బరువు పెరగలేదమ్మా. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే డబ్బాపాలు మొదలుపెడదాం. అందులో తప్పేం లేదు," అంది. తప్పు లేదని కాలరమ్మకూ తెలుసు. కానీ ఆమెకు వినబడింది మాత్రం 'ఇక నీ వల్ల కాదులే' అని.

అత్తగారు మంచిదే, నోరే కాస్త పెద్దది. "మా వాడు పాలు తాగుతుంటే ఆ గుటకలు వీధి చివరిదాకా వినబడేవే అమ్మాయ్!" అంటుంది. బస్సు నడిపే ఆ కొడుకుగారు ఈ మాట విన్నప్పుడల్లా చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా డ్యూటీకి పరుగెత్తేవాడు.

మర్నాడు అన్నం కంచం ముందు పెట్టుకుని కాలరమ్మ, "అత్తయ్యా, అసలు నాకు పాలే లేవేమో," అంది.

"ఎవరే ఆ మాటన్నది? నోరు మూసుకుని తిను ముందు," అని కసిరి, అత్తగారు వంటింట్లోకి పోయి కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నం పక్క మిషను అక్క వచ్చింది. షెడ్డులో ఇద్దరివీ ఆనుకుని ఉన్న మిషన్లు, ఒకరి కష్టసుఖాలు ఒకరికి తెలుసు. ఆమె గడప దాటేసరికి కాలరమ్మ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పిల్లను తొడల మీద పడుకోబెట్టి, భుజాలు చెవులదాకా లాక్కుని, నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకుని, పిల్ల నోటి మీదకు వంగి గురి చూస్తోంది. అక్క కాసేపు చూసి పకపకా నవ్వింది.

"ఏమే, పాలిస్తున్నావా, కాలరు తిప్పుతున్నావా?"

కాలరమ్మకు ఒళ్ళు మండింది. "నా చావు నేను చస్తుంటే నీకు నవ్వులాటగా ఉందా?"

"మా పెద్దదానికి నేనూ ఇలాగే ఇచ్చి ఏడ్చానే తల్లీ! మన షెడ్డు వాళ్ళందరిదీ ఇదే రోగం. ఒళ్ళో ఏది పెట్టినా దాని మీదకు వంగిపోతాం. నువ్వలా పైనుంచి వాలితే దాని నోటికి కొస తప్ప ఏం అందుతుంది? లే, ఆ స్టూలు వదులు."

వీపు ఆనించి కూర్చోమని నర్సమ్మ కూడా చెప్పింది. నా నడుం సంగతి చెబుతోంది కాబోలు, నాకు నడుం నొప్పి కొత్తా ఏంటి అనుకుని కాలరమ్మ ఆ మాట గాలికి వదిలేసింది.

అక్క ఆమెను మంచం మీద గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఒళ్ళో తలగడ పెట్టి, పిల్ల పొట్ట తల్లి పొట్టకు ఆనేలా తిప్పింది. "నువ్వు దాని దగ్గరికి పోకు. దాన్నే నీ దగ్గరికి తెచ్చుకో. నోరు బాగా తెరవనీ."

చెప్పినంత తేలికా? మెడ దానంతటదే వంగిపోతోంది. వంగినప్పుడల్లా అక్క భుజం పట్టి వెనక్కి లాగి, "ఊహూ, ఆగు," అంటోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి మెడ సాచి చూస్తోంది. పిల్ల కెవ్వుమని నోరంతా తెరిచింది.

"ఇప్పుడు!"

కాలరమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని, రాబోయే నొప్పికి పళ్ళు బిగించింది. చురుక్కుమంది. అంతే, తర్వాత సర్దుకుంది. పిల్ల దవడ చెవిదాకా కదులుతోంది. ఉన్నట్టుండి గుటుక్కున చప్పుడైంది. ఆ వెంటనే ఇంకోటి. పెదవి మూల తెల్లగా తడి కనబడింది.

"పాలున్నాయక్కా," అంది కాలరమ్మ, గట్టిగా అంటే పోతాయేమో అన్నట్టు.

"లేకేం!"

ఎంతసేపటికో పిల్ల తనంతట తనే రొమ్ము వదిలేసింది. బిగించిన పిడికిళ్ళు విప్పేసి, నోరు కొంచెం తెరిచి, తల వెనక్కి వాల్చేసింది.

"అత్తయ్యా, ఇటు రండి! ఇది తాగట్లేదు, ఏడవట్లేదు... ఏమైంది దీనికి?"

అత్తగారు వంగి చూసి, కోడలి తల నిమిరింది. "ఏం కాలేదే పిచ్చిమొద్దూ. దాని కడుపు నిండింది."

తన బిడ్డ కడుపు నిండితే ఎలా ఉంటుందో కాలరమ్మ అప్పటిదాకా చూడలేదు. చూసి, బావురుమంది. అంత గోలకీ పిల్ల మాత్రం లేవలేదు.