అమ్మ పేరు చెక్కే వేగం

మా తమ్ముడికి ఏ యంత్రమైనా మొదలైన క్షణం నుంచే పరిగెత్తాలి. హౌరా పక్కన సంత్రాగాఛిలో పుట్టి, పొద్దస్తమానం కిటికీలోంచి లోకల్ రైళ్లు చూస్తూ పెరిగినవాడు. ప్లాట్‌ఫారం వదలగానే ఏ రైలూ పూర్తి వేగం అందుకోదని వాడికి ఇంకా తెలియకపోవడమే నాకు ఒళ్లు మంట.

మా వెనక గదిలో బల్ల మీద చిన్న సీఎన్‌సీ మెషిన్ ఉంది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మని కత్తి తిప్పుతూ చెక్క మీద చెక్కుతుంది. విడిభాగాలు తెప్పించి నేనే బిగించుకున్నాను. హౌరాలో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం, సెలవు రోజున దీనితో కాలక్షేపం. దీనికి రెండు అంకెలు ముఖ్యం. ఎంత వేగంగా వెళ్లాలన్నది ఒకటి, ఆ వేగాన్ని ఎంత త్వరగా అందుకోవాలన్నది రెండోది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది హద్దు మీరితే మోటారు ఒక మూలుగు మూలిగి, తిరగాల్సినంత తిరగదు. తిరగలేదన్న సంగతి మెషిన్‌కు తెలియదు. తప్పిన చోటి నుంచే దర్జాగా పని సాగిస్తుంది, అచ్చం మా తమ్ముడిలాగే.

ఆ రోజు చెక్కాల్సింది మా అమ్మ పేరు. ఉద్యోగమంతా వీధులూడ్చి, పనివాళ్ల క్వార్టర్లలో కాపురం చేసిన మనిషి. ఇన్నాళ్లకు ఆమె పేరు మీద రెండు గదుల ఫ్లాటు కొన్నాం. "తలుపు మీద నా పేరుండాల. తెలుగులోనే ఉండాల" అన్నది ఆమె ఒక్కగానొక్క కోరిక. తనతో పనిచేసినవాళ్లంతా కలిసి మందపాటి టేకు పలక ఒకటి తెచ్చిచ్చారు. అది పాడైతే ఇంకోటి లేదు. తెల్లారితే గృహప్రవేశం.

పొద్దున్నే పనికిరాని చెక్క మీద అంకెలు కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. మోటారు ఎక్కడ మొరాయించిందో చూసి, అక్కడి నుంచి బాగా కిందికి దించి పెట్టుకున్నాను. అంతకుమించిన విద్య ఇందులో లేదు, ఓపిక ఉండాలంతే. పూజ సామాన్లకని బజారుకెళ్లి వచ్చేసరికి తమ్ముడు నా అంకెలు తీసేసి, టేకు పలక బిగించి, చెక్కడం మొదలెట్టేశాడు.

"హౌరా దాదా మెషిన్ కూడా ఇదే కదక్కా. ఆయన సెట్టింగులే ఏసీసినాను. చింతా నేయ్ అన్నాడు" అన్నాడు నవ్వుతూ.

చింత ఆ దాదాకు ఎందుకుంటుంది! హౌరాలో కొట్టు పెట్టుకున్న ఆ బెంగాలీ అన్న చెక్కేవి బెంగాలీ నేమ్‌ప్లేట్లు. అక్షరాల నెత్తిన పొడవాటి గీత, దాని కింద నిలువు గీతలు. గీత మొదట్లో వేగం అందుకుని చివర్లో తగ్గితే సరిపోతుంది. మన అక్షరాల్లో తిన్నటి గీత ఎక్కడుంది నాయనా? అన్నీ సున్నాలు, చుట్లు, కొమ్ములు, వట్రసుడులు. అడుగడుగునా దిక్కు మారాలి. మారిన ప్రతిసారీ ఒక మోటారు తగ్గాలి, ఇంకోటి పుంజుకోవాలి. ఆ తొందరకు మెషిన్ బల్లతో సహా వణుకుతోంది. ఆపరా, ఆపరా అని నేను అరిచేలోగా మోటారు మూలిగింది. మొదటి రెండు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మూడోది కిందికి జారింది. నాలుగోది ఇంకా కిందికి జారింది.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పలక మీదికి వంగింది.

"ఏటిది? నా పేరు మెట్లు దిగిపోతందేటి?"

"ఏటీ అవలేదమ్మా, పుట్టీ పెట్టీసి మళ్లీ చెక్కీవచ్చు" అన్నాడు తమ్ముడు. ఆ పుట్టీ వాడి నోటికి పెట్టాలనిపించింది. టేకు మీద పుట్టీ ఏమిటి, అదీ మా అమ్మ పేరు మీద! నాకు కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

పలక తిరగేసి బిగించాను. పాడయిన వైపు గోడకు ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. ఈ వైపు కూడా పోతే ఇక చేసేదేమీ లేదు. నా అంకెలు నేను పెట్టాను, భయం కొద్దీ ఇంకాస్త తగ్గించాను. కత్తి ఒక్కో సున్నా చుట్టూ తాపీగా నడుస్తోంది. తమ్ముడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఇలగైతే పంతులు గారు వచ్చీసినా అవదక్కా. పోనీ స్పీడొక్కటీ పెంచు."

"ఇంత చిన్న అక్షరంలో ఆ స్పీడు అందుకునేలోపే మలుపు వస్తుందిరా! పెంచినా ఒకటే, పెంచకపోయినా ఒకటే" అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. వాడు వినిపించుకోకుండా కీబోర్డు మీదికి చెయ్యి చాచాడు.

ఆ చెయ్యిని అమ్మ పట్టుకుంది. ఎప్పుడు వచ్చి స్టూలు వేసుకుని కూర్చుందో నేను చూడనే లేదు. కత్తి ఎటు తిరిగితే అటు, ఆమె చూపుడువేలు ఒళ్లోని చీర మీద తిరుగుతోంది.

"నాకు పేరు రాయడం వచ్చునురా. కాపోతే నెమ్మదిగా రాస్తాను. హాజరు కాడ కలం పట్టుకుంటే చాలు, హాజరేసే బాబు జల్ది జల్ది అని లాగీసుకుని ఏలిముద్ర ఏయించీవోడు. రిటైరైన దినం కూడా ఏలిముద్రే ఏసినాను."

తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కత్తి రెండో అక్షరం కొమ్ము దగ్గరికి వచ్చింది.

"దాన్ని రాయనీరా" అంది అమ్మ.