లేని య వత్తు

నేను అక్షరాలు బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను. కోరుట్ల బస్టాండులో నా బిడ్డ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి బస్సు మీది ఊరి పేరూ చదివించేది. అప్పటికే నా తల సగం నెరిసింది. సిరిసిల్ల తొందరగానే పట్టుబడింది, అది మా తల్లిగారి ఊరు. జగిత్యాల దగ్గర మాత్రం ఆగిపోయేదాన్ని. త కింద వేలాడే ఆ య వత్తు నన్ను చాలా సతాయించింది. తీరా అది వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. లేని చోట కూడా నాకు య వత్తు కనబడేది.

మా ఆయనకు చదువు రాదు. పెళ్లయిన తర్వాత ఎక్కువ కాలం మస్కట్‌లోనే బిల్డింగుల పని చేసి, మోకాళ్లు అరిగాక ఇంటికి వచ్చాడు. అక్కడున్నప్పుడు ఫోన్‌లో ఎప్పుడడిగినా ఒకటే మాట, "మంచిగున్న." ఏం తింటున్నావు, ఎక్కడ పండుకుంటున్నావు అంటే, "అన్నీ మంచిగనే ఉన్నయి." వచ్చాక కూడా అంతే. అంత వెడల్పు మంచం ఉంటే గోడకు అతుక్కొని, కాళ్లు ముడుచుకొని పండుకునేవాడు. నా మీద మనసు లేదేమో అనుకున్నాను. అడిగితే "అలవాటు" అని అటు తిరిగేవాడు. ఆ అలవాటు ఎట్లా వచ్చిందో ఆయన నోట వినాలని ఉండేది.

మొన్న ఒక ఆదివారం పగటిపూట బిడ్డ జగిత్యాల నుంచి వచ్చింది. అంతరిక్షంలో ఉండి పని చేసేవాళ్ల డాక్యుమెంటరీ ఒకటి టీవీలో పెట్టింది. మాటలు ఇంగ్లిష్‌లో, కింద తెలుగు అక్షరాలు.

"అమ్మా, బాపుకు నువ్వే సదివి చెప్పు," అంది.

"గవి ఉరుకుతున్నయి గదనే!"

"కోరుట్లల బస్సులు నీకోసం ఆగినయా? సదువు."

సగం సగం అందుకుంటూ చదివాను. ఒకతను గాలిలో తేలుతూ పళ్లు తోముకుంటున్నాడు. ఒకామె జుట్టు నిలువునా లేచి నిలబడింది. "గామెకు జెర నూనె పెట్టేటోళ్లు లేరా?" అన్నాడు మా ఆయన. అప్పుడే కింద ఒక పొడుగు మాట వచ్చింది. పోతుందేమోనని గబగబా, గట్టిగా చదివాను.

"వీళ్లు ఆరు నెలలు భార్యరహిత స్థితిలో జీవిస్తారు."

బిడ్డ పకపకా నవ్వింది. ఎందుకో నాకు తెలియలేదు. తను ఏదో చెప్పబోయేలోపే ఆయన, టీవీ మీంచి చూపు తీయకుండా అన్నాడు.

"ఆరు నెల్లేనా?"

బిడ్డ నవ్వు ఆగిపోయింది.

తెర మీద ఒకతను గోడకు కట్టిన సంచిలో దూరి, జిప్పు గుంజుకొని, నిలబడే నిద్రపోయాడు.

"మా రూముల గిట్లనే," అన్నాడు ఆయన. "కింద ఒగలు, మీద ఒగలు. నాది మీది మంచం. పొర్లితే కింద పడుడే. గోడను పట్టుకొని పండుకుంటుంటి."

నేను చదవడం మరిచిపోయాను. అక్షరాలు వస్తున్నాయి, పోతున్నాయి. అక్కడివాళ్లకు ఇంటి నుంచి తిండి పొట్లాలు వచ్చినట్టున్నాయి, అందరూ ఈదుకుంటూ వచ్చి చుట్టూ చేరారు.

"నువ్వు పంపిన మామిడికాయ తొక్కు వచ్చిన్నాడు గూడ గిట్లనే. రూమంత వచ్చి కూసుంటుండె. ఒడిసినంక ఖాళీ డబ్బ కడుగబుద్ధి కాకపోయేది."

"ఎందుకయ్యా?"

"కడిగితే వాసన పోతది గదా."

బిడ్డ చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లింది.

చివరికి వాళ్లంతా భూమి మీదికి దిగారు. నడవలేకపోతుంటే కుర్చీల్లో కూర్చోబెట్టి మోసుకుపోతున్నారు. కింద వచ్చిన వాక్యాన్ని ఈసారి పోకముందే మొత్తం చదివేశాను. "భూమికి మళ్లీ అలవాటు పడడానికి కొంత కాలం పడుతుంది."

"పడతది," అన్నాడు మా ఆయన.

బిడ్డ చాయ్ ఇచ్చి, రిమోట్‌తో సినిమాను వెనక్కి తిప్పి, ఆ పొడుగు మాట దగ్గర ఆపింది. "అమ్మా, గది భార్య కాదే. భార. బరువు లేకుండ ఉండుడు."

దగ్గరికి వెళ్లి చూశాను. ర కింద ఏమీ లేదు. సిగ్గేసింది.

"ఉండనీ బిడ్డా," అన్నాడు ఆయన. "మీ అమ్మ సదివిందే నాకు సమజైంది."

పొద్దు గూకినాక పక్క దులుపుతూ, మంచాన్ని గోడకు దూరంగా జరుపుదామా అని ఆయనను అడిగాను.

"వద్దు," అన్నాడు. "గోడ దిక్కు నువ్వు పండుకో."