ఉనైజాకు పట్టుకెళ్లిన పచ్చడి సీసా

శుక్రవారం పొద్దున ఆరున్నరకు రియాద్ బతాలో గది దిగాను. చేతిసంచిలో నాలుగు చుట్లు ప్లాస్టిక్ కవరు చుట్టిన పండుమిరపకాయ పచ్చడి సీసా ఉంది. రాజమల్లన్న వారం ముందే ఫోన్ చేసి మరీ అడిగాడు. "మస్తానూ, మీ ప్రొద్దుటూరు నుంచి అచ్చిన పండుమిరప తొక్కు ఉన్నదా? శుక్రారం పగటాల్లకు పట్టుకొని రా. మర్వకు."

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. ఇరవై ఏడేళ్ల కింద రియాద్‌లో ఒకే క్యాంపులో, ఒకే గదిలో దిగాం. నేను బతాలో ఏసీలు బాగుచేసుకుంటూ ఉండిపోయాను, ఆయన ఖసీం వైపు ఉనైజా ఊళ్లో ఒక రసాల కంపెనీలో చేరాడు. అలాంటి మనిషి నోరు తెరిచి పచ్చడి అడిగితే కాదంటానా?

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. శుక్రవారం రైలు టికెట్టు ముందే తీసుకోండి, ఆఖరికి వెతికితే దొరకదు. స్టేషన్ ఊరికి ఉత్తరాన ఎక్కడో విసిరేసినట్టుంటుంది. టాక్సీవాడు నలభై రియాళ్లన్నాడు, నేను ముప్పై ఐదన్నాను, వాడే గెలిచాడు. ఎనిమిదిన్నరకు రైలు కదిలింది. పక్క సీటులో పెషావరు డ్రైవరు ఒకాయన ముక్కు ఎగబీల్చి, "భాయ్, మీ సంచిలో ఏముందో గానీ నా కళ్లు మండుతున్నాయి" అన్నాడు హిందీలో. నాలుగు చుట్లూ దండగే.

పదకొండుకు ఖసీంలో దిగాను. రాజమల్లన్న కంపెనీ పికప్ వేసుకొచ్చాడు. ఉనైజాకు ముప్పావుగంట దారి. దారి పొడుగునా తోటల్లో కోతలైపోయిన ఖర్జూరం చెట్లే.

"ఈసారన్నా ఇంటికి పోవడానికి ఎగ్జిట్ ఇస్తారా అన్నా?" అన్నాను.

"ఇయ్యాలనే తేలాలె. సేటు కొడుకు ఖాలిద్ రసం మంచిగ కలిపిండని ముసలి సేటు ఒప్పుకుంటె ఇస్తడు. లేకుంటె మల్లొక యేడు. మూడేండ్ల సంది గిదే కథ. ఇగ నాతోని గాదు తమ్మీ. మీ వదినె లచ్చవ్వ ఫోన్ల మాట్లాడుడే బందు వెట్టింది."

రాజమల్లన్న పనిచేసే ఆ యజమాని ఇంటి సంగతి చెప్పాలి. మూడు తరాలుగా వాళ్లు ఖర్జూర రసం, ద్రాక్ష రసం కలిపి, గ్యాస్ ఎక్కించి, మెడకు బంగారు రేకు చుట్టిన సీసాల్లో పోస్తారు. మత్తు చుక్క కూడా లేని షాంపేను అన్నమాట. పెద్దింటి పెళ్లిళ్లలో ఆ సీసా లేకపోతే పెళ్లివారికి చిన్నతనమట. అసలు విద్యంతా కలపడంలో ఉంది. ఖర్జూరం ఏటా ఒకే తీపి ఉండదు కదా. అందుకని మూడేళ్ల రసాలు చల్లటి ట్యాంకుల్లో దాచి, ఈ ఏటిది ఇంత, నిరుటిది ఇంత అని కలిపి, పాత రుచే మళ్లీ తెస్తారు. ఇరవై ఆరేళ్లుగా అది తేల్చింది మన జగిత్యాల నాలుకే. యజమాని కొడుకు ఖాలిద్ దాన్ని నేర్చుకుంటున్నాడు.

నేను మసీదులో జుమ్మా నమాజు చేసుకుని ఆయన గదికి వెళ్లేసరికి అన్నం పొగలు కక్కుతోంది. రాజమల్లన్న సీసా మూత తీసి, సగం పచ్చడి పళ్లెంలో గుమ్మరించుకుని, నూనె పోసుకుని కలిపాడు. ముద్ద మీద ముద్ద. కళ్లలో నీళ్లు, నెత్తిన చెమట. "అబ్బ! పానం లేసొచ్చింది" అంటూ వేళ్లు నాకాడు. నేను పెట్టుకున్నది గోరంత. నా ఇంటి పచ్చడికి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు, మురిసిపోయాను.

అన్నాలయ్యాక, రెండింటికి ఇద్దరం రుచిగదికి వెళ్లాం. తెల్లటి గది, బల్ల మీద మూడు గాజు కూజాలు. ఖాలిద్ ముప్పై ఏళ్లవాడు, మాటిమాటికీ రాజమల్లన్న మొహం చూస్తున్నాడు. కొలగ్లాసులో మూడు రసాలూ కలిపి మొదటి గుక్క రాజమల్లన్నకు అందించాడు. ఈయన నోట్లో పోసుకుని, తల అడ్డంగా ఊపి, అరబ్బీలో ఏదో అన్నాడు. ఖాలిద్ మొహం పాలిపోయింది.

"ఏమన్నావన్నా?"

"నాలిక మండుతున్నది, ఏం తెలుస్తలేదని చెప్పిన."

ఖాలిద్ నావైపు తిరిగి హిందీలో చెప్పాడు. కలిపే రోజుకు నలభై రోజుల ముందు నుంచి ఈ గదిలో పనిచేసేవాళ్లు కారం, కాఫీ, అత్తరు ముట్టరట. రాజా, అంటే మన రాజమల్లన్నే, ఇన్నేళ్లలో ఒక్కసారీ నియమం తప్పలేదట. నా నెత్తిన పిడుగు పడింది. నేస్తం ఎగ్జిట్‌ని నా చేత్తోనే చెడగొట్టానే! "తప్పు నాదే, ఆ పచ్చడి తెచ్చింది నేనే" అన్నాను. ఖాలిద్ కోప్పడలేదు. తల వంచుకుని మళ్లీ గ్లాసు అందుకున్నాడు. రాజమల్లన్న గోడవైపు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు.

గంటన్నర సేపు ఆ పిల్లాడు ఒక్కడే కలిపాడు, చప్పరించాడు, ఉమ్మాడు, పారబోశాడు. నేను తెలిసిన దువాలన్నీ చదివాను.

సాయంత్రపు అస్ర్ నమాజయ్యాక తండ్రి అబూ ఖాలిద్ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. వాళ్లింటి పరీక్ష ఇది. గ్యాస్ ఎక్కించని రసం రెండు గ్లాసులు పెడతారు, ఒకటి నిరుడు కలిపి దాచింది, ఒకటి కొత్తది. ఏది ఏదో ముసలాయన కనిపెట్టేస్తే కొత్తది తప్పినట్టు. ఆయన ఇది కొంచెం, అది కొంచెం తాగాడు. మళ్లీ తాగాడు. చివరికి కుడిచేతి గ్లాసు చూపించి ఇది నిరుటిది అన్నాడు.

అది ఖాలిద్ కలిపిన గ్లాసు.

ఖాలిద్ తండ్రి నుదుటి మీద ముద్దుపెట్టి ఏడ్చేశాడు. ముసలాయన కొడుకు వీపు నిమిరి, జేబులోంచి ఫోన్ తీసి అతని చేతికిచ్చి, రాజా ఎగ్జిట్ ఇప్పుడే వేసెయ్యమన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఏడింటి రైలుకు రాజమల్లన్నే దింపాడు. స్టేషన్ ముందు బండి ఆపగానే రెండు చేతులూ పట్టుకున్నాను. "మన్నించన్నా, నాకా నియమం తెలీదు. అల్లా చల్లగా చూశాడు గానీ..."

"నాకు దెల్వదా?" అన్నాడు నవ్వుతూ. "ఇరవై ఆరేండ్లు నలభై దినాలు సప్పిడి తిన్నోన్ని, ఇయ్యాలనే మర్శిపోతనా? ఆ ఖాలిద్ నాలిక మంచిగనే ఉన్నది తమ్మీ. గని నేనుంటె నా మొకం జూసుకుంట కలుపుతడు. నేను జెర్ర బొమ్మలు ముడిస్తె సాలు, సక్కగున్నది గూడ పారవోస్తడు. మూడేండ్లు గట్లనే పోయినయ్. సూడకురా అంటె ఇనడు. ఇయ్యాల నా మొకంల ఏముంటది, మంట దప్ప?"

"మరి నాకు చెప్పద్దా? గంటన్నర చచ్చి బతికాను కదన్నా!"

"నీకు జెప్తె నీ మొకం జూస్తుండె."

అంటూనే ఆయన సీటు కిందనుంచి నా పచ్చడి సీసా తీశాడు. మిగిలిన పచ్చడి తన డబ్బాలోకి వంపుకుని, సీసా కడిగి, ఉత్తది తిరిగి ఇవ్వకూడదని ఖాలిద్ కలిపిన రసం నింపి తెచ్చాడు. గ్యాస్ ఎక్కించనిది. "నాకైతె ఇంక మంటనే ఉన్నది, రుచి దెల్వదు. తాగి ఎట్లున్నదో ఫోన్ల జెప్పు" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్లు కాపాడిన రుచి మరొకరి చేతికి వెళ్లిన రోజున, దాన్ని చవిచూసే నాలుక ఆయనకు లేదు.

రైలు కదిలాక మూత తీశాను. తియ్యగా, కొంచెం వగరుగా ఉంది. మింగాక గొంతులో సన్నగా కారం తగిలింది. ఎంత కడిగినా మా ఇంటి పచ్చడి సీసాను వదల్లేదు. అబూ ఖాలిద్ ముందు పెడితే ఈ ఒక్క సీసా పరీక్ష తప్పేది.

వెంటనే ఫోన్ చేశాను. "నువ్వు కలిపినట్టే ఉందన్నా" అన్నాను. "అయితె ఇగ ఇంటికి పోత" అన్నాడు.