పట్టా ముక్క వేసిన మచ్చ

నా చిన్నప్పుడు మా క్వార్టర్ వెనక వరండాలోకి నానమ్మ అడుగు పెట్టేది కాదు. అది తాతయ్య తోలు పని చేసుకునే చోటు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసలో అందరికీ వెనక వరండాలుండేవి. ఒకరు అక్కడ ఊరగాయ జాడీలు పెట్టుకునేవారు, ఒకరు మేకను కట్టుకునేవారు. మా ఇంట్లో మాత్రం తోలు ముక్కలు, తోలు గుచ్చే సూదులు, మైనం రాసిన దారపు ఉండలు. తాతయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలు బోగీల్లో సీట్లు కుట్టాడు. రిటైరయినా ఆ చేతులు ఊరుకుంటేనా! కళ్ళజోడు పెట్టెలు, బెల్టులు, పర్సులు ఏవో ఒకటి కుడుతూనే ఉండేవాడు. అమ్మడానికి కాదు, ఊరికే సరదాకి. దేవుడి గూడున్న ఇంట్లో తోలేమిటని నానమ్మ గొడవ. పనయ్యాక తాతయ్యా నేనూ పంపు కింద స్నానం చేసి వస్తే గానీ మాకు టీ దొరికేది కాదు.

నేనూ అని ఎందుకన్నానంటే, ఆ పనిలో నేనూ ఉన్నాను మరి. పదకొండేళ్ళ పిల్లని, బొమ్మలతో ఆడుకోమంటే ఆడను, వరండాలో చేరి తాతయ్య ప్రాణం తీస్తాను. దారానికి మైనం పట్టించడం, అంచులు గీకడం వరకూ వచ్చేశాయి. నాకు లేనిదల్లా ఓపిక. అది ఇప్పటికీ లేదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ వేసవిలో నాన్నకి ప్రమోషన్ వచ్చింది. అప్పటిదాకా గూడ్సు బండి గార్డు, ఇకనుంచి ప్యాసింజర్ బండి గార్డు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన కబురు. పది రోజుల్లో మొదటి డ్యూటీ, రాయపూర్ వైపు పొద్దున్న బండి. ఆ మాట వినగానే నేను వీధి చివరిదాకా పరుగెత్తి, కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పొచ్చాను. నాన్న తన ఎర్రజెండా, పచ్చజెండా ఒక చిరుగుల సంచిలో చుట్టుకుని వెళ్ళేవాడు. గూడ్సు బండిలో చివరి పెట్టెలో ఒక్కడే కూర్చునేవాడికి అది చెల్లింది. ప్యాసింజర్ బండికి తెల్ల యూనిఫాం వేసుకుని, వందమంది చూస్తుండగా ఆ సంచితో వెళతాడా? నేను వెళ్ళనివ్వను. జెండాలు పెట్టుకునే పొడవాటి తోలు గొట్టం, భుజానికి వేసుకునే పట్టీతో సహా, నేనే చేసిస్తానని ఇంటిల్లిపాదికీ చాటేశాను.

నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. తాతయ్య నవ్వలేదు. లోపలికి వెళ్ళి, మంచం కింద ట్రంకు పెట్టె తెరిచి, పాత పంచెలో చుట్టిన తోలు తెచ్చాడు. అది నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళ కిందట మా సొంతూరి వైపు వెళ్ళినప్పుడు తెచ్చుకున్న తోలు, పచ్చి తేనె రంగులో ఉండేది. దీనికి తగ్గ పని వచ్చినప్పుడు తీస్తానని, తన కోసం కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆ తోలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అలాంటిది మరొకటి ఇంట్లోనే కాదు, బిలాస్‌పూర్ బజారంతా వెతికినా లేదు.

ఇన్నేళ్ళు చుట్టి ఉంచడంతో తోలు విప్పితే మళ్ళీ చుట్టుకుపోతోంది. తడిపి, చెక్క మీద పరిచి, గుడ్డ చుట్టిన ఇటుకలు బరువుగా పెట్టి రాత్రంతా వదిలేయమని తాతయ్య చెప్పి, భజనకి వెళ్ళాడు. చెప్పినట్టే తడిపాను, పరిచాను. ఇటుకలు పెడితే ఒక మూల లేచింది. ఇంకోటి పెడితే ఇంకో మూల లేచింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పంపు పక్కన, వరసలో అందరూ పొయ్యి బొగ్గులు కొట్టుకునే రైలు పట్టా ముక్క ఒకటి పడి ఉండేది, మూరెడు పొడవు ఉంటుందేమో. బరువంటే అదీ బరువు! రైలు బండినే మోసింది, ఓ తోలు ముక్కని అణచలేదా? కడుపుకి ఆనించుకుని, మోకాళ్ళు తగిలించుకుంటూ, దాన్ని మోసుకొచ్చి తడి తోలు నడిమధ్యన పెట్టేశాను. ఇటుకలు అంచులకి జరిపేసరికి మూలలన్నీ బుద్ధిగా పడుకున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయి నిద్రపోయాను.

పొద్దున్నే లేచి పట్టా ముక్క తీశాను. తోలు చక్కగా సాపుగా ఉంది. మధ్యలో మాత్రం, పట్టా అడుగు ఎంత ఉందో అంత మేర, నీలంనలుపు మచ్చ.

మసేమో అనుకున్నాను. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. బట్టల సబ్బు పెట్టి రుద్దాను, అంచులు పాకాయి. వంటింట్లోంచి నిమ్మకాయ ఎత్తుకొచ్చి పిండాను. కాస్త వెలిసి, ఆశ పెట్టి, అక్కడే ఆగిపోయింది. రాత్రంతా ఇంకిన మచ్చ మరి, వెనకవైపు కూడా కనిపిస్తోంది. తాతయ్య ఇన్నేళ్ళు దాచుకున్న తోలు, నాన్న మొదటి డ్యూటీ, రెండూ ఒక్క రాత్రిలో నాశనం చేశాను. ఏం చేయాలో తోచక దాన్ని చుట్టి బొగ్గుల డబ్బా వెనక దాచేశాను. తోలేదని తాతయ్య అడిగితే ఆరుతోందని అబద్ధమాడాను.

మధ్యాహ్నం నేను నిద్రలేచి వచ్చేసరికి తాతయ్య వరండాలో తోలు పరుచుకుని కూర్చున్నాడు. బొగ్గుల డబ్బా వెనక నా దాపరికం ఎన్నాళ్ళు దాగుతుంది! తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన మచ్చ మీద బొటనవేలు ఆనించి, వాసన చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“మచ్చ పడిందని దాసీసినావు, బాగానే ఉంది. అది ఎందుకు పడిందో అడిగినావేటి దాన్ని?” అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడాయన అదే తోలు అంచు నుంచి రెండు వేళ్ళ వెడల్పు పేలిక కోసి, తడిపి, చెక్క మీద పరిచాడు. ఇంట్లో తిరిగి రకరకాల సామాను తెమ్మన్నాడు. ఇత్తడి తాళంచెవి, స్టీలు చెంచా, ఒక గులకరాయి, ఒక బొగ్గు, తుప్పు పట్టిన నట్టు తెచ్చాను. వాటిని వరసగా తోలు మీద పేర్చి, పైన బేసిన్ బోర్లించి, పొద్దుటిదాకా ముట్టుకోవద్దన్నాడు. నాకా, ఓపికా! ఆ సాయంత్రం ఎన్నిసార్లు బేసిన్ చుట్టూ తిరిగానో నాకే తెలియదు. ముట్టుకోలేదు, అంతవరకూ నిజం.

తెల్లారకుండానే బేసిన్ ఎత్తాను. తాళంచెవి కింద ఏమీ లేదు. చెంచా కింద లేదు. రాయి కింద తడి గుర్తు. బొగ్గు కింద పొడి, ఊదితే పోయింది. నట్టు కింద మాత్రం, మధ్యలో బొక్కతో సహా, అచ్చు గుద్దినట్టు నల్లని గుండ్రం! మురికి కాదు, మసి కాదు, బొగ్గు కాదు. ఇనుము! తడి తోలుకీ ఇనుముకీ ఏదో ఉంది. నిద్రపోతున్న తాతయ్యని కుదిపి లేపి చూపించాను. ఆ నల్లదనం వైపు చూస్తుంటే నా బుర్రలో దీపం వెలిగింది. ఒక్క నట్టు ఇంత నలుపు చేస్తే, మొత్తం తోలుకి ఇనుము పట్టిస్తే మొత్తం నల్లబడదా? అంతా నలుపైతే ఇక మచ్చెక్కడ?

తాతయ్య మంచం మీద లేచి కూర్చుని నా నెత్తిమీద చెయ్యి వేశాడు. అది కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఊనిన తోలనీ, కరక్కాయకి ఇనుము తగిలితే నలుపేననీ, ఆయన చిన్నప్పుడు బడిలో రాసుకునే సిరా కూడా అలాగే చేసేవారనీ అప్పుడు చెప్పాడు. ముందే తెలుసన్నమాట! అయినా నా చేత బేసిన్ ఎత్తించాడు.

ఇక చూడాలి మా హడావిడి. తాతయ్య సైకిలు వెనక కూర్చుని, ఫ్యాక్టరీలుండే సిర్గిట్టి వెళ్ళాను. అక్కడ లేత్ మిషన్ల షాపులో పొట్లం నిండా ఇనుప రజను ఊరికే ఇచ్చారు. మిషన్ దగ్గరాయన ఎందుకని అడిగి, మేం పులుపులో ఊరబెడతామంటే పొట్ట పట్టుకు నవ్వాడు. “అచ్ఛా, లోహే కా అచార్?” అన్నాడు. ఇనుముతో ఊరగాయే, నిజమే. ఇనుము కరగాలంటే పులిసింది కావాలి. ఇంట్లో పులిసిందంటే నానమ్మ తరవాణి, అన్నం నీళ్ళు రోజుల తరబడి పులియబెట్టే కుండ. ఇక్కడివాళ్ళు తినే నీళ్ళ చద్దన్నం, బాసి లాంటిదే, ఇంకా పులుపు. అన్నం కుండలోది తోలుకి పొయ్యడమేటని నానమ్మ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. కొడుకు మొదటి డ్యూటీ అని తాతయ్య ఒక్క మాట అన్నాడు, బతిమాలలేదు. మర్నాడు పొద్దున్న వరండా గడప మీద మట్టి ముంతలో తరవాణి, పక్కన ఆకులో బెల్లం ముక్క. పెట్టిన మనిషి మాత్రం లేదు.

ముంతలో రజను పోసి, ఇంకా పులుస్తుందని బెల్లం వేసి, గుడ్డ కట్టి ఎండలో పెట్టాం. కంపు భరించలేక పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. రోజూ పొద్దున్న ఒక పేలిక ముక్క ముంచి చూసేదాన్ని. మొదటి రోజు బూడిద రంగు. రెండో రోజు పలక రంగు. ఎదురుచూస్తూ ఊరుకోకుండా తోలు కొలిచి కోసుకున్నాం. కుట్లు సమానంగా పడాలంటే ఏం చేయాలని నేను అడిగితే, తాతయ్య నా తలలో దువ్వెన తీసి, దాని పళ్ళు తోలు అంచున నొక్కాడు. వరసగా, ఒక్కటీ తేడా లేకుండా గుర్తులు! ఆ దువ్వెనతో మళ్ళీ తల దువ్వుకోనని నానమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. అయిదో రోజుకి పేలిక కాకిలా నల్లబడింది.

ఆ పొద్దు నేను బతికున్నంతకాలం మరచిపోను. వడగట్టిన నీళ్ళు చూస్తే పలచటి టీ లాగ ఉన్నాయి, వీటికి నలుపేమిటని ఎవరూ నమ్మరు. గుడ్డ ముంచి తోలు మీద ఒక చార గీశాను. నా కళ్ళ ముందే, గుడ్డ వెనకాలే, తేనె రంగు మసకబడి, నీలమై, నలుపైపోయింది. ఇంకో చార, ఇంకో చార. నలుపు పట్టా మచ్చ దాకా పాకింది, దాన్ని కలుపుకుంది, దాటిపోయింది. వెతికాను, మచ్చ లేదు. గెంతులేశాను, తాతయ్య కూడా తొడ మీద కొట్టుకుని నవ్వాడు. లోపలివైపు కూడా పూయబోతే ఆపాడు. “లోపలి మచ్చ ఉండనీయే గుంటా. పని నేర్పింది అదే కదా” అన్నాడు.

వంటసోడా నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, ఆముదం రాశాం. చెరో సూది పట్టుకుని కుట్టాం. రేపు పొద్దున్న డ్యూటీ అనగా సాయంత్రానికి గొట్టం తయారైంది. పట్టీ బిగించి, మురిసిపోతూ నా భుజానికి వేసుకున్నాను. తీసి చూస్తే నా తెల్ల జాకెట్టు మీద నల్లటి చార.

లోపల నాన్న యూనిఫాం ఇస్త్రీ అయి కొక్కేనికి వేలాడుతోంది, పాలలాంటి తెలుపు. తాతయ్య కంగారు పడలేదు. పైపైన మిగిలిన రంగు గుడ్డకి అంటిపోయేదాకా రుద్దాలి, వేరే దారి లేదన్నాడు. ఇద్దరం కూర్చుని రుద్దాం. ఒక గుడ్డ నల్లబడింది, ఇంకోటి నల్లబడింది. నా వేళ్ళు మంటలెత్తాయి. తాతయ్య చేతుల నరాలు పట్టేశాయి. ఇంట్లో పాత గుడ్డలు అయిపోయాయి.

అప్పుడు వరండా గడప దగ్గర గాజుల చప్పుడైంది. నానమ్మ తన పాత తెల్ల చీర రెండుగా చింపుకుని నిలబడి ఉంది. తలుపు అవతలనుంచి అందిస్తుందనుకుని చెయ్యి చాచాను. ఆవిడ అందివ్వలేదు. గడప దాటి వచ్చి, నా పక్కన చతికిలబడి, పట్టీని తన ఒళ్ళోకి లాక్కుంది.

“నా కొడుకు చొక్కా, నాకు తెల్దేటి. బేగి పట్టండి,” అని తొందరపెట్టింది.

తాతయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాం. ముగ్గురి చేతుల కింద చీర మొదటి మడత నల్లబడింది, తరవాతది బూడిదైంది, చివరి మడత తెల్లగానే ఉండిపోయింది. నానమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి రెండువైపులా చూసి, సరేనంది. ఆ రాత్రి ముగ్గురం వరసగా పంపు దగ్గర స్నానం చేశాం.

పొద్దున్న ప్లాట్‌ఫాం మీద నాన్న తెల్ల యూనిఫాంలో, భుజాన నల్ల గొట్టంతో నడుస్తుంటే, అందరూ మొహం చూస్తున్నారు, నేను వీపు చూస్తున్నాను. గొట్టం మూత తీసి, పచ్చజెండా విప్పి ఊపాడు. బండి కదిలింది. నాకు మాత్రం సంతోషం సగమే. ఎండ, చెమట, మొత్తం ఒక రోజు. చెమటకి రంగు దిగితే?

సాయంత్రం నాన్న వచ్చేదాకా గేటు పట్టుకుని వేలాడాను. వచ్చాడు. ముందు చొక్కా చూశాను. వీపు, చేతులు, కాలరు అంతా నలుపు. దారి పొడుగునా బొగ్గు బండ్ల దుమ్మంట, ఏది దుమ్మో ఏది మా రంగో ఎవరు చెప్పగలరు! నేను ఏడుపు మొహం పెట్టేసరికి నాన్న నవ్వి, భుజాన ఉన్న పట్టీ తీశాడు. చొక్కా మీద భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా, పట్టీ ఉన్నంత మేర, పాలలాంటి తెల్లని చార.

నానమ్మ ఆ చార మీద చెయ్యి వేసి తడిమింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ వరండాలోకి వచ్చేది. చీపురు పట్టుకుని, మమ్మల్ని తిడుతూ.

ఇప్పుడు తాతయ్య, నానమ్మ, నాన్న ముగ్గురూ లేరు. ఆ గొట్టం నా దగ్గరుంది, స్వెట్టర్లు అల్లే పుల్లలు పెట్టుకుంటాను. కూర మాడినా, చీర మీద మరక పడినా, మనవరాలి బొమ్మ విరిగినా, నాకు ఓపిక లేదని చెప్పాను కదా, ముందు చెయ్యి తుడవడానికే లేస్తుంది. అప్పుడు గొట్టం మూత తీసి లోపలికి చూస్తాను. లోపల తోలు ఇప్పటికీ తేనె రంగే. మధ్యలో పట్టా ముక్క మచ్చ అలాగే ఉంది. చెయ్యి దూర్చి దాని మీద బొటనవేలు ఆనించి, కాసేపాగి, పాడైనదాన్ని ఎందుకు పాడయ్యావని అడుగుతాను.